సోయా పైరులో బూజు తెగుళ్ళను ముందే పసిగట్టడం, ఆపడం ఎలా?

సోయా ఆకు మీద మచ్చ కంటికి కనిపించేసరికి, దానికి కారణమైన శిలీంధ్రం ఆకులోకి చేరి కొన్ని రోజులు అయి ఉంటుంది. కాయకుళ్ళు తెగులైతే ఇంకా ముందే, మొక్క చిన్నగా ఉన్నప్పుడే లోపలికి చేరి, గింజ కట్టే దాకా ఏ గుర్తూ చూపకుండా దాగి ఉంటుంది. అందుకే మచ్చలు చూశాక మందుల దుకాణానికి పరుగెత్తే రైతుకు ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. ఈ తెగుళ్ళతో పోరాటంలో సగానికి పైగా విత్తనం నేలలో పడకముందే జరగాలి. మిగిలినది పూత మొదలైనప్పటి నుంచి కాయ నిండేదాకా, అంటే నెలన్నర రోజుల్లో జరగాలి.

ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల నల్లరేగళ్ళలో వానాకాలం సోయా వేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సరిహద్దుకు అవతల నాందేడ్, యవత్మాల్, లాతూర్ వైపు సాగు చేసే తెలుగు రైతులకూ ఇవే పద్ధతులు సరిపోతాయి.

తెగులు ఏ దారిన వస్తుందో ముందు తెలుసుకోండి

సోయాకు వచ్చే శిలీంధ్రాలకు మూడు దారులు ఉన్నాయి. నేల, విత్తనం, గాలి. ఏ తెగులు ఏ దారిన వస్తుందో తెలిస్తే ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది.

నేల నుంచి వచ్చేవి మొదలు కుళ్ళు, బొగ్గు కుళ్ళు, రైజోక్టోనియా ఆకుమాడు. వీటి బీజాలు గట్టి గుళికల రూపంలో మట్టిలో, పాత మోళ్ళలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. గుంటకకు, రోటవేటరు పళ్ళకు అంటిన మట్టితో ఒక చేను నుంచి ఇంకో చేనుకు చేరతాయి. వాన నీరు పారిన వాలు వెంట పల్లానికి దిగుతాయి.

విత్తనంతో వచ్చేవి కాయకుళ్ళు, గింజ మీద ఊదారంగు మచ్చ. కాయకుళ్ళునే ఆంత్రాక్నోస్ అంటారు. ఈ రెండూ పంట చెత్తలోనూ నిలుస్తాయి. మొదటి వానలకు ఆ చెత్త మీద బీజాలు పుట్టి, చినుకు దెబ్బకు ఎగిరి కింది ఆకుల మీద పడతాయి. కప్పకన్ను మచ్చ తెగులు కూడా విత్తనంతో, చెత్తతో వచ్చి, తర్వాత గాలివానతో పాకుతుంది.

పూర్తిగా గాలి మీద వచ్చేది తుప్పు తెగులు. దీని శిలీంధ్రానికి పచ్చగా బతికి ఉన్న ఆకు కావాలి. ఎండిన మోళ్ళలో, మట్టిలో అది బతకలేదు. కానీ దాని బీజాలు గాలిలో వందల కిలోమీటర్లు వెళ్ళగలవు. 2004 నవంబరులో అమెరికాలోని లూసియానాలో ఈ తెగులు మొదటిసారి కనిపించినప్పుడు, అంతకు ముందు సెప్టెంబరులో వచ్చిన ఐవాన్ తుఫాను దక్షిణ అమెరికా నుంచి ఆ బీజాలను మోసుకొచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మన దేశంలో కృష్ణా పరీవాహకంలోని సాంగ్లీ, కొల్హాపూర్, బెళగావి, ధార్వాడ ప్రాంతాలకు తుప్పు పాత శత్రువు.

వేసవిలో: చేను చరిత్ర చూడండి

కిందటి ఏడాది మీ చేలో ఏ మూల మొక్కలు ముందుగా ఎండిపోయాయో గుర్తు చేసుకోండి. ఆ మూలలోనే ఈ ఏడూ తెగులు మొదలవుతుంది. నేల లోతు తక్కువగా ఉండి, వాన ఆగిన నాలుగు రోజులకే బెట్టకు వచ్చే చోట బొగ్గు కుళ్ళు చేరుతుంది. నీరు నిలిచే పల్లంలో మొదలు కుళ్ళు, ఆకుమాడు చేరతాయి.

పంట మార్పిడి దగ్గర మన ప్రాంతంలో పెద్ద చిక్కు ఉంది, దీని గురించి చెప్పేవారు తక్కువ. సోయా తీసి శనగ వేయడం ఉత్తర తెలంగాణలో ఆనవాయితీ. రెండూ పప్పుజాతి పంటలే, నేలకు నత్రజని ఇస్తాయి, కాబట్టి మంచిదే అనుకుంటాం. అయితే సోయాలో బొగ్గు కుళ్ళు తెచ్చే మాక్రోఫోమినా శిలీంధ్రమే శనగలో ఎండు వేరుకుళ్ళు తెస్తుంది. సోయా మొదలును కుళ్ళబెట్టే స్క్లెరోషియమే శనగ మొదలునూ కుళ్ళబెడుతుంది. సోయా, శనగ, మళ్ళీ సోయా అంటూ అదే నేలలో తిప్పితే ఈ రెండు శిలీంధ్రాలకు ఏడాదంతా తిండి పెట్టినట్టే.

అలాగని శనగ మానేయమనడం లేదు. శనగలో ఎండు వేరుకుళ్ళు, సోయాలో బొగ్గు కుళ్ళు రెండూ కనిపించిన చేలో కనీసం ఒక ఏడాదైనా ఈ వరుసను తెంచండి. మొక్కజొన్న, జొన్న వేయవచ్చు గానీ, మాక్రోఫోమినా ఐదు వందలకు పైగా మొక్కల జాతుల మీద బతుకుతుంది, జొన్న కూడా అందులో ఒకటి. కాబట్టి బొగ్గు కుళ్ళు విషయంలో పంట మార్పిడి ఒక్కటే గట్టెక్కిస్తుందని అనుకోవద్దు. నీటి వసతి ఉన్న చోట ఒక కారు వరి వేస్తే, నిలవ నీటిలో ఆ శిలీంధ్రపు గుళికలు చాలావరకు నశిస్తాయి. అయితే వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియానే సోయాలో ఆకుమాడుకూ కారణం. పాముపొడ బాగా వచ్చిన మడిలో తర్వాతి కారు సోయా వేస్తే కింది ఆకుల మీద ఒక కన్నేసి ఉంచాలి.

కాయకుళ్ళు, కప్పకన్ను మచ్చ మాత్రం పంట మార్పిడికి లొంగుతాయి. పంట చెత్త కుళ్ళిపోతే వాటికి ఇల్లు ఉండదు. అందుకే కోత తర్వాత మోళ్ళను మట్టిలో కలిసేలా దున్నండి, కాల్చవద్దు. రెండు మూడేళ్ళకు ఒకసారైనా వేసవిలో లోతు దుక్కి చేస్తే మొదలు కుళ్ళు గుళికలు అడుగుకు పోయి మొలకెత్తలేవు.

దుక్కిలో ట్రైకోడెర్మా, అంటే తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం, కలపాలనుకుంటే ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, తేమ తగిలేలా నీళ్ళు చిలకరించి, చెట్టు నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. కుప్ప మీద తెల్లగా, పచ్చగా బూజు అల్లుకుంటే పని జరిగినట్టే. ఇది ఒక ఎకరానికి సరిపోతుంది. ఆఖరి దుక్కిలో తేమ ఉన్నప్పుడే చల్లాలి, ఎండిన దుమ్ములో చల్లితే ఆ శిలీంధ్రం బతకదు. సగం చివికిన ఎరువు మాత్రం తోలవద్దు. పచ్చి చెత్త మీదే మొదలు కుళ్ళు బూజు ముందుగా పెరుగుతుంది.

విత్తనం: చేతిలో పట్టుకుని చూడండి

బస్తా విప్పి గుప్పెడు గింజలు తెల్లటి పళ్ళెంలో పోయండి. ఊదారంగు మచ్చ ఉన్నవి, ముడుతలు పడ్డవి, బూడిద రంగులో బూజు పట్టినట్టు ఉన్నవి వేరు చేయండి. నూరు గింజల్లో అలాంటివి నాలుగైదు ఉంటే ఏరి పారేసి వాడుకోవచ్చు. అంతకు బాగా మించితే ఆ విత్తనాన్ని వేయకపోవడమే మేలు.

తర్వాత మొలక పరీక్ష. తడి గోనెపట్టా మీద నూరు గింజలు వరసగా పేర్చి, ఇంకో తడి పట్టా కప్పి, చుట్టి నీడలో పెట్టండి. ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉంటే ఐదారు రోజుల్లో లెక్క తేలుతుంది. ధ్రువీకరించిన సోయా విత్తనానికి కనీస మొలక శాతం 70. మొలకలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకోకండి. మొలవని గింజల మీద ఏ బూజు వచ్చిందో, మొలిచిన వాటి దళాల మీద గోధుమ రంగు గుంటలు ఉన్నాయేమో చూడండి. గుంటలు ఉంటే కాయకుళ్ళు గింజలోనే వచ్చిందని అనుమానించాలి.

ఈ లెక్కే ఎకరానికి ఎన్ని కిలోలు వేయాలో కూడా చెబుతుంది. సాళ్ళ మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 5 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు సుమారు 1.8 లక్షల మొక్కలు వస్తాయి. నూరు గింజలు 12 గ్రాములు తూగే రకమైతే 25 కిలోల్లో 2 లక్షలకు పైగా గింజలు ఉంటాయి. 85 శాతం మొలిస్తే 25 కిలోలు చాలు, 70 శాతమే మొలిస్తే 30 కిలోలు కావాలి. మొలక మీద నమ్మకం లేక 40 కిలోలు పోస్తే, అన్నీ మొలిచిన ఏడాది మొక్కలు ఒకదాన్నొకటి కమ్ముకుంటాయి. అడుగున గాలి ఆడదు, పొద్దున తడిసిన ఆకు మధ్యాహ్నం దాకా ఆరదు. ఆకుమాడుకు, కాయకుళ్ళుకు కావలసింది సరిగ్గా అదే. తెగులు నివారణలో ఖర్చు లేని పని ఏదైనా ఉందంటే అది విత్తనం మోతాదు తగ్గించుకోవడమే.

విత్తనశుద్ధి మానవద్దు. కార్బాక్సిన్, థైరామ్ కలిసిన మందు కిలో విత్తనానికి 3 గ్రాములు పట్టించండి. సోయా గింజ పైపొర చాలా పలచన, నీళ్ళు ఎక్కువైతే ఉబ్బి ఊడుతుంది. కాబట్టి మందు అంటుకోవడానికి కావలసినంత కొద్దిపాటి తడి చాలు. గింజలను గచ్చు మీద రుద్దకుండా, పాలిథిన్ పట్టా మీద పోసి రెండు వైపులా ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ దొర్లించండి. కాండపు ఈగ బెడద ఉన్న చోట శిలీంధ్రనాశిని ఆరిన తర్వాత పురుగుమందు పట్టించాలి. వేళ్ళలో నత్రజని పట్టే బాక్టీరియా రైజోబియం మాత్రం చివర, విత్తే రోజున, నీడలోనే పట్టించాలి.

ఇక్కడ తరచుగా ఒక తప్పు జరుగుతుంది. రసాయన మందు, ట్రైకోడెర్మా రెండూ ఒకే విత్తనానికి పట్టిస్తారు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. కార్బెండాజిమ్ లాంటి మందు దాన్నీ చంపుతుంది. విత్తనానికి రసాయనం పట్టిస్తే ట్రైకోడెర్మాను ఎరువుతో నేలకు ఇవ్వండి. రసాయనం వద్దనుకుంటే ట్రైకోడెర్మానే కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాములు పట్టించండి.

విత్తేటప్పుడు

ఒక్క వాన చూసి విత్తవద్దు. మొత్తం 75 నుంచి 100 మిల్లీమీటర్లు పడి, నేల లోపలి దాకా తడిసిన తర్వాతే గొర్రు పట్టండి. పైన తడి, కింద పొడి ఉంటే మొలక నెమ్మదిస్తుంది. మొలక నేలలో ఎంత ఎక్కువ సేపు ఉంటే కుళ్ళు శిలీంధ్రాలకు అంత అవకాశం. లోతు 3, 4 సెంటీమీటర్లు దాటకూడదు.

నల్లరేగడిలో బల్లపరుపుగా విత్తడం కంటే ఎత్తు మడులు చేసి, పక్కన కాలువలు తీసి విత్తడం మేలు. ముసురు పట్టినప్పుడు నీరు కాలువలోకి దిగుతుంది, బెట్ట వచ్చినప్పుడు ఆ కాలువే తేమ పట్టి ఉంచుతుంది. మొదలు కుళ్ళు, బొగ్గు కుళ్ళు ఒకదానికొకటి వ్యతిరేక పరిస్థితుల్లో పెరిగేవి, ఈ ఒక్క పనితో రెండింటికీ అడ్డు పడుతుంది. పొటాష్ ఎగ్గొట్టవద్దు, ఎకరాకు 16 కిలోల పొటాష్ అందాలి. నత్రజని మాత్రం చెప్పిన మోతాదు మించితే ఆకు మెత్తబడి తెగుళ్ళకు లోకువ అవుతుంది.

వారానికి ఒకసారి చేలో నడవండి

గట్టు మీద నిలబడి చూస్తే సోయా ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది. ఈ తెగుళ్ళు చాలావరకు అడుగు ఆకుల నుంచి, మొదలు నుంచి మొదలవుతాయి. కాబట్టి చేలో అడ్డదిడ్డంగా ఒక ఐదు చోట్ల ఆగి, వంగి, పైకొమ్మలు పక్కకు తొలగించి, కింది ఆకులను తిరగేసి చూడాలి. మంచు ఆరిన తర్వాతే వెళ్ళండి. తడిసిన పైరులో నడిస్తే మీ పంచె అంచుకో, ప్యాంటుకో అంటుకుని బీజాలు సాళ్ళ వెంట మీతో పాటు నడుస్తాయి. చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంటే ఎంతో అనుమానం తీరుతుంది.

మొదటి నెల: మొక్క వాడి తలవాల్చిందంటే పీకి చూడండి. మొదలు దగ్గర తెల్లటి దారాల్లాంటి బూజు అల్లుకుని, దాని మీద ఆవగింజలంత గోధుమ రంగు గుళికలు ఉంటే అది మొదలు కుళ్ళు. ఆ మొక్కను, చుట్టూ ఉన్న మట్టిని కూడా గంపలోకి ఎత్తి చేను బయట పూడ్చేయండి. గట్టు మీద పడేస్తే వాన నీటితో మళ్ళీ చేలోకి వస్తుంది.

మొదలు శుభ్రంగా ఉంటే కాండాన్ని నిలువునా చీల్చండి. లోపల ఎర్రటి వంకర సొరంగం ఉంటే అది కాండపు ఈగ పని. కాండం మీద రెండు చోట్ల గుండ్రంగా కొరికిన గాట్లు ఉండి, పై భాగం మాత్రమే వాడితే అది పెంకు పురుగు పని. ఈ రెండింటికీ శిలీంధ్రనాశిని కొట్టడం డబ్బు నేలపాలు చేసుకోవడమే. చిగురాకులు పసుపు, ఆకుపచ్చ కలిసి గళ్ళు గళ్ళుగా మారితే అది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ మోస్తుంది. దానికీ బూజు మందు పనిచేయదు, ఆ మొక్కలను మొదట్లోనే పీకేయాలి.

పూత ముందు నుంచి: ముసురు పట్టి మూడు నాలుగు రోజులు వదలకపోతే, ముసురు వెలిసిన రోజునే చేలోకి వెళ్ళండి. కింది ఆకులు వేడినీళ్ళు పోసినట్టు మెత్తబడి, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు మచ్చలతో ఒకదానికొకటి అంటుకుని ఉంటే అది రైజోక్టోనియా ఆకుమాడు. రెండు ఆకులను విడదీస్తే మధ్యలో సాలెగూడు లాంటి సన్నటి బూజు సాగుతుంది. ఇది చాలా వేగంగా పాకుతుంది. ముసురు వెలవకపోతే వారంలో పాయలు పాయలుగా చేను మాడుతుంది.

ఆకు అడుగున ఈనెలు నల్లబడటం, కాండం మీద, ఆకు తొడిమ మీద వంకరటింకర ముదురు మచ్చలు రావడం కాయకుళ్ళుకు తొలి గుర్తు. కాయలు వచ్చాక వాటి మీద నల్లటి చుక్కలు లేస్తాయి. భూతద్దంలో ఆ చుక్కల మీద నల్లటి ముళ్ళలాంటి వెంట్రుకలు కనిపిస్తాయి. లేత కాయకు పట్టిందంటే అది మెలితిరిగి, గింజ కట్టకుండానే ఎండుతుంది.

మచ్చ మధ్య భాగం బూడిద రంగులో, అంచు ఎర్రటి గోధుమ రంగులో గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే అది కప్పకన్ను. చేనంతా విస్తరించకపోతే దాని గురించి ఎక్కువ కంగారు పడనక్కరలేదు.

తుప్పును గుర్తించడం కాస్త కష్టం. ఆకు అడుగున గుండుసూది తలకంటే చిన్న గోధుమ రంగు పొక్కులు లేస్తాయి. బాక్టీరియా వల్ల వచ్చే పొక్కు తెగులు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అనుమానం తీరాలంటే మచ్చలున్న ఆకులు నాలుగైదు తెచ్చి, తడి కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో మూతికట్టి, ఒక రాత్రి నీడలో ఉంచండి. తెల్లారి తీసి, ఆకు అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద అద్దండి. పొక్కులు పగిలి, లేత గోధుమ రంగు పొడి కాగితానికి అంటితే అది తుప్పు. పొడి రాకుండా, మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటే బాక్టీరియా అని అనుమానించండి. ఆకుమాడు, కాయకుళ్ళు ఉన్న ఆకులూ కాడలూ కూడా ఈ సంచిలో ఒక రాత్రిలో తమ గుర్తు బయటపెడతాయి.

కాయ నిండేటప్పుడు వాన ముఖం చాటేసి ఎండ మండితే బొగ్గు కుళ్ళు కోసం చూడండి. చేనంతా కాకుండా అక్కడక్కడ కుదుళ్ళు ముందుగానే ఎండుతాయి, ఆకులు రాలకుండా మొక్కకే వేలాడుతూ ఉంటాయి. మొక్కను పీకి, వేరు పైభాగం దగ్గర బెరడును గోటితో గీకండి. కింద బొగ్గుపొడి చల్లినట్టు బూడిద నలుపు కనిపిస్తే అదే. ఈ దశలో దానికి మందు లేదు. నీటి వసతి ఉంటే కాయ నిండే సమయంలో ఒక తడి ఇవ్వండి, మిగిలిన మొక్కలకు అదే రక్ష.

ఏ తెగులో తేల్చుకోలేకపోతే ఫొటోతో సరిపెట్టక, మొక్కను వేళ్ళతో సహా పీకి మీ రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారికి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకువెళ్ళండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందు ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు కొట్టకూడదు

మూడు ప్రశ్నలు వేసుకోండి. పైరు పూత మొదలు నుంచి గింజ నిండే దశ మధ్యలో ఉందా? వరుసగా మూడు నాలుగు రోజులుగా ముసురో, పొద్దెక్కేదాకా ఆరని మంచో ఉందా? కింది ఆకుల్లో గుర్తులు కనిపించాయా? మూడింటికీ అవుననే జవాబు వస్తే ఆలస్యం చేయకుండా కొట్టండి. మొదటి రెండూ ఉండి, కిందటి ఏడాది అదే చేలో కాయకుళ్ళు వచ్చి ఉంటే గుర్తుల కోసం చూడకుండానే కొట్టవచ్చు. గింజ నిండిపోయి ఆకులు పసుపు తిరుగుతున్నాయంటే ఇక మందు వద్దు, ఆ ఖర్చు తిరిగి రాదు. ముప్పై రోజుల పైరుకు, ఎండ కాస్తున్న రోజుల్లో, పక్క చేనువారు కొడుతున్నారని కొట్టడం కూడా అలాంటిదే.

కాయకుళ్ళు, ఆకుమాడు కనిపించినప్పుడు ఎకరాకు టెబ్యుకొనజోల్ 25.9 శాతం ద్రావణం 250 మిల్లీలీటర్లు గానీ, టెబ్యుకొనజోల్, గంధకం కలిసిన గుళికల మందు 500 గ్రాములు గానీ, పైరాక్లోస్ట్రోబిన్, ఎపాక్సికొనజోల్ కలిసిన మందు 300 మిల్లీలీటర్లు గానీ వాడవచ్చు. తుప్పుకు హెక్సాకొనజోల్ గానీ ప్రోపికొనజోల్ గానీ లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కొట్టాలి. కొనే ముందు డబ్బా మీది చీటీలో సోయా పేరు, మీరు చూసిన తెగులు పేరు ఉన్నాయో లేదో చదవండి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా దాని మీదే ఉంటుంది.

రెండోసారి కొట్టవలసి వస్తే 14, 15 రోజుల ఎడం ఇచ్చి, మందు గుంపు మార్చండి. గుంపు తెలుసుకోవడం కష్టం కాదు. పేరు చివర ‘కొనజోల్’ ఉన్నవి చాలావరకు ఒక గుంపు, ‘స్ట్రోబిన్’ ఉన్నవి ఇంకో గుంపు. కంపెనీ మారినంత మాత్రాన మందు మారదు, కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చూడకుండా, కింద చిన్న అక్షరాల్లో రాసిన రసాయనం పేరు చూడండి. ఒకే గుంపును మళ్ళీ మళ్ళీ వాడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది. బ్రెజిల్‌లో తుప్పు మీద ఈ రెండు గుంపుల మందుల పదునూ బాగా తగ్గింది, కారణం ఇదే.

మందు ఎంత మంచిదైనా కింది ఆకుకు తగలకపోతే వృథా. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు కావాలి. ఐదారు ట్యాంకులతో ముగించేవారి చేలో పై ఆకులు మాత్రమే తడుస్తాయి. ఒక పరీక్ష చేసి చూడండి. నాలుగైదు మొక్కల అడుగు కొమ్మలకు తెల్ల కాగితం ముక్కలు కట్టి, ముందు ఉత్త నీళ్ళతో ఒక సాలు కొట్టండి. కాగితం మీద చుక్కలు దట్టంగా పడకపోతే నాజిల్ మార్చాలి, లేదా నడక తగ్గించాలి. డ్రోన్‌తో కొట్టించేవారు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి, ఎందుకంటే వాటిలో నీళ్ళు చాలా తక్కువ. కలుపు మందుతో కలపవద్దు. గాలి వాటం చూసుకుని, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా దిగవద్దు. కూలీలు కొడుతుంటే వారికి కూడా ఇవి ఇవ్వడం మీ బాధ్యత.

తుప్పుకు వారధి వేయకండి

తుప్పు పచ్చని ఆకు మీదే బతుకుతుందని పైన చెప్పాను. ఏడాదిలో కొన్ని నెలలు ఎక్కడా సోయా పచ్చగా లేకపోతే దానికి నిలువ నీడ ఉండదు. బ్రెజిల్‌లోని మాటో గ్రాసో రాష్ట్రం 2006 నుంచి ఏటా కొంతకాలం పొలంలో ఒక్క సోయా మొక్క కూడా ఉండకూడదని నియమం పెట్టింది. తానుగా మొలిచినదాన్ని కూడా పీకేయాల్సిందే. మన దగ్గర అలాంటి నియమం లేదు గానీ, యాసంగిలో, వేసవిలో విత్తనం కోసం సోయా వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పైరులో తుప్పు కనిపిస్తే తప్పనిసరిగా మందు కొట్టాలి, కోత అయ్యాక రాలి మొలిచిన మొక్కలను జూన్ లోపు దున్నేయాలి.

రాత్రి చల్లగా, 18 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండి, ఆకు ఆరేడు గంటలకు మించి తడిగా ఉంటే తుప్పు అంటుకుంటుంది. అంటిన వారం పది రోజుల్లో కొత్త పొక్కులు, వాటి నుంచి మళ్ళీ కొత్త బీజాలు. తుప్పు బెడద ఉన్న ప్రాంతాల్లో ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి డీఎస్‌బీ 21, సాంగ్లీ దగ్గరి కసబే దిగ్రాజ్ పరిశోధన స్థానం నుంచి వచ్చిన కేడీఎస్ 726 లాంటి తట్టుకునే రకాలు ఉన్నాయి. జేఎస్ 335 రకం తుప్పును తట్టుకోలేదు.

కోత, నూర్పిడి, వచ్చే ఏటి విత్తనం

కాయలు పండాక వాన పడితే ఒక్క వారం ఆలస్యం కూడా గింజ మీద కనిపిస్తుంది. ఊదా మచ్చ, కాయకుళ్ళు అప్పుడే గింజలోకి దిగుతాయి. ఆకులు రాలి, కాయలు రంగు మారిన వెంటనే కోయండి, వాన సూచన ఉంటే కోసి కుప్పలు వేసి పట్టా కప్పేకంటే ఒకటి రెండు రోజులు ఆగడం మేలు. తడి కుప్పలో బూజు ఒక్క రాత్రిలో అల్లుకుంటుంది.

విత్తనానికి ఉంచే గింజను చేనులో తెగులు లేని భాగం నుంచి విడిగా కోసి, విడిగా నూర్చండి. పూత తర్వాత చేలో నడిచినప్పుడే ఆ భాగానికి కర్ర పాతి గుర్తు పెట్టుకుంటే అప్పుడు వెతుక్కోనక్కరలేదు. నూర్పిడి యంత్రం డ్రమ్ము నిమిషానికి 350 నుంచి 400 చుట్లకు మించి తిరగకూడదు. వేగం ఎక్కువైతే కంటికి కనిపించని పగుళ్ళు పడతాయి, ఆ పగుళ్ళలోంచే నేల శిలీంధ్రాలు గింజలోకి చేరతాయి. తేమ 12 శాతం లోపుకు దిగేదాకా పలచగా ఆరబోసి, గాలి ఆడే గోనె సంచుల్లో నింపండి. సంచులను చెక్కల మీద, గోడకు తగలకుండా, నాలుగైదుకు మించి ఎత్తు లేకుండా పేర్చండి. పైనుంచి విసిరేయవద్దు.

శనగ వేయబోతున్నవారు ఆ విత్తనానికి కూడా శుద్ధి చేయండి. బొగ్గు కుళ్ళు కనిపించిన మూల ఎక్కడో మీకు తెలుసు కాబట్టి, ఈ యాసంగికి ఆ మూలను శనగ వేయకుండా వదిలేయండి.